“అలైన్ అవుదాం” అంటే ఏం చేయమని? ఆఫీసు మాట అర్థమయ్యేలా రాయడానికి, చెప్పడానికి ఒక మార్గదర్శి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్ల వాట్సాప్ గ్రూపుల్లో సాయంత్రం పూట ఇలాంటి మెసేజ్ ఒకటి పడుతూ ఉంటుంది:

“డియర్ టీమ్, సప్లై సైడ్ చాలెంజెస్ దృష్ట్యా, రిసోర్స్ ఆప్టిమైజేషన్‌లో భాగంగా రేపటి షిఫ్ట్స్ రీఅలైన్ చేయడం జరుగుతుంది. స్టేక్‌హోల్డర్స్ అందరూ ప్రోయాక్టివ్‌గా కోఆర్డినేట్ చేసుకోగలరు.”

కింద వరసగా బొటనవేళ్లు, నమస్కారాలు. తర్వాత ఫోన్లు మొదలవుతాయి. “ఏవండీ, రేపు బండి వస్తాదా, రాదా?” సూపర్‌వైజర్‌కీ తెలీదు. అతను ఇంకెవరికో చేస్తాడు. తెల్లారేసరికి పాలకొల్లు రోడ్డు మీద క్యారేజీలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లకు బండి రాదన్న సంగతి అరగంట నిలబడ్డాక తెలుస్తుంది.

ఆ మెసేజ్‌లో ఇంగ్లీషు ఎక్కువైందన్నది చిన్న ఫిర్యాదు. పెద్ద ఫిర్యాదు వేరే ఉంది. అందులో మనిషి లేడు, టైము లేదు, లెక్క లేదు. ఏదీ తేల్చకుండానే అంతా తేల్చేసినట్టు కనిపిస్తోంది. ఆఫీసు పరిభాష చేసే అసలు చెరుపు ఇదే. ఆ నష్టం రాసినవాళ్ల మీద పడదు, చివర్లో ఉన్నవాళ్ల మీద పడుతుంది.

ఆక్వా ఆఫీసుల్లో నోటీసులు, మెసేజ్‌లు, మెయిళ్లు రాయడం, రాసినవి దిద్దడం నా పనిలో పెద్ద భాగం. అందుకని ఉదాహరణలు ఎక్కువగా చెరువులు, ప్లాంట్ల నుంచే వస్తాయి. రైస్ మిల్లు గుమస్తాకైనా, బ్యాంకు బ్రాంచి ఆఫీసర్‌కైనా, అమలాపురంలో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలకైనా పద్ధతి ఒకటే.

1. గత వారం రాసినవన్నీ ముందేసుకోండి

సిద్ధాంతాలతో మొదలెట్టొద్దు. గత వారం మీ ఆఫీసు నుంచి వెళ్లిన మెసేజ్‌లు, మెయిళ్లు, గోడకు అంటించిన నోటీసులు ఓ పదిహేను ప్రింటు తీయండి. ఒక్కోదాన్నీ ఒకే ప్రశ్న అడగండి: ఇది చదివినవాడు లేచి ఏం చేయాలి? జవాబు కాగితంలోనే ఉంటే అక్కడ గీత గీయండి. లేకపోతే పైన సున్నా చుట్టండి.

ఒక్కరే కూర్చుని చేస్తే లాభం లేదు. రాసినవాళ్లనీ, చదవాల్సినవాళ్లనీ పక్కపక్కన కూర్చోబెట్టండి. రాసినవాళ్లు “అందులో ఉందిగా!” అంటారు. చదివినవాళ్లు “ఎక్కడండీ?” అంటారు. ఆ వాదన జరగనివ్వండి, మీకు కావలసింది అదే.

సున్నాలు ఎవరి కాగితాల మీద ఎక్కువ పడ్డాయో కూడా చూడండి. నేను చూసినంతలో కింది స్థాయివాళ్లు రాసేవాటికి సున్నాలు తక్కువ. రొయ్య పిల్లల్ని తయారుచేసే హేచరీలో టెక్నీషియన్ “రెండో సెక్షన్ బ్లోయర్ ఆగింది, మోటారు కాలింది, మెకానిక్‌కి ఫోన్ చేశా” అని రాస్తాడు. అదే సంగతి మెట్టు మెట్టు ఎక్కి హెడ్డాఫీసుకు చేరేసరికి “ఎక్విప్‌మెంట్ రిలయబిలిటీ కన్సర్న్స్” అయి కూర్చుంటుంది. కొత్త మోటారు ఎవరు కొనాలో మాత్రం అప్పటికీ తేలదు.

2. పని మాటల జోలికి పోకండి, పొగ మాటల్ని తీసేయండి

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. సులభంగా రాయాలనగానే ఇంగ్లీషు మాటలన్నీ పీకేసి సంస్కృతం దించుతారు. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్‌ను “వాయు సంచాలక యంత్రం” అంటే గట్టు మీద కాపలా ఉన్న కుర్రాడు నవ్వుకుంటాడు. సీడ్ (రొయ్య పిల్ల), కౌంట్, డీవో, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం), పట్టుబడి (చెరువులో రొయ్య పట్టడం), హెడ్‌లెస్ (తల తీసిన రొయ్య): ఇవి పని మాటలు. ఏ భాష నుంచి వచ్చాయన్నది అనవసరం. వనామీ రొయ్యకు మన దేశంలో 2009లో అనుమతి వచ్చాక ఈ మాటల్లో చాలావరకు చదువుకోని రైతు నోట్లో కూడా కుదురుకున్నాయి. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. ఉండి నుంచి మొగల్తూరు దాకా ఎవర్నడిగినా అదే చెబుతారు.

పొగ మాట అలా కాదు. సినర్జీ, అలైన్‌మెంట్, లెవరేజ్, ఓనర్‌షిప్, ఎకోసిస్టమ్, వేల్యూ యాడ్. వీటిని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అదే ఆఫీసులో ముగ్గుర్ని విడివిడిగా పిలిచి “ఈ మాటకు అర్థం ఒక లైనులో రాయండి” అనండి. మూడు జవాబులూ ఒకటే అయితే అది పని మాట, ఉంచేయండి. మూడు రకాలుగా వస్తే కొట్టేసి, మీరేం అనదలిచారో అది రాయండి.

పని మాటకు ఒకటే అర్థం ఉండాలన్న పట్టుదల ఊరికే పుట్టలేదు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయంలో, దట్టంగా మంచు కమ్మిన వేళ, రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానంలోంచి “ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం” అన్న అర్థం వచ్చే మాట రేడియోలో వెళ్లింది. విమానం అప్పటికే పరుగెడుతోంది. టవర్లో ఉన్నాయన మాత్రం బయల్దేరడానికి సిద్ధంగా నిలబడి ఉందనుకున్నాడు. ప్రమాదానికి ఇంకా కారణాలున్నాయి గానీ, ఆ తర్వాత “టేకాఫ్” అనే మాటను ఆ అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదని, మిగతా చోట్ల “డిపార్చర్” అనాలని కట్టుబాటు పెట్టారు.

మన దగ్గర ప్రాణాల మీదకు రాకపోవచ్చు, డబ్బుల మీదకు వస్తుంది. కొత్తగా చేరిన ఎంబీఏ కుర్రాడు “కౌంట్ ఇంప్రూవ్ చేయాలి” అని రిపోర్టులో రాశాడనుకోండి. 50 కౌంట్ కంటే 40 కౌంట్ రొయ్య పెద్దది. అంటే అంకె తగ్గితేనే మెరుగు. అకౌంట్స్‌లో కూర్చున్నాయనకు ఆ సంగతి తెలియక టార్గెట్ కాలమ్‌లో పెద్ద అంకె వేస్తే, కాగితం మీద టార్గెట్ అందుకున్న చెరువులో రొయ్య పెరగనట్టే. “రొయ్య 40 కౌంట్‌కు వచ్చాకే పట్టాలి” అని రాస్తే గొడవే లేదు.

పొట్టి అక్షరాలతో ఇంకా చిక్కు. డీవో అంటే చెరువు దగ్గర నీటిలో కరిగిన ఆక్సిజన్, గోడౌన్‌లో డెలివరీ ఆర్డర్, ప్రభుత్వ ఆఫీసులో ఒక అధికారి మరో అధికారికి పేరు పెట్టి రాసే లేఖ. పీఎల్ అంటే హేచరీలో రొయ్య పిల్ల దశ, పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో సెలవు. ఒకే కంపెనీకి హేచరీ, గోడౌన్, ఆఫీసు మూడూ ఉంటాయి కాబట్టి, విభాగం దాటి వెళ్లే ప్రతి కాగితంలో మొదటిసారి పూర్తి మాట రాయండి. ఈ ఒక్క అలవాటుకు ఖర్చేమీ లేదు.

3. ఎవరు, ఏం, ఎప్పటికి, ఎంత

మొదట చూపించిన మెసేజ్‌ను తిరగరాద్దాం.

“రేపు బుధవారం సరుకు తక్కువ వస్తోంది. పీలింగ్‌లో పొద్దుటి షిఫ్ట్ ఉండదు. మధ్యాహ్నం 2 గంటల షిఫ్ట్ మామూలే. పాలకొల్లు, నరసాపురం బండ్లు పొద్దున రావు, మధ్యాహ్నం వస్తాయి. గ్రేడింగ్, ఫ్రీజింగ్ వాళ్లకు మార్పు లేదు. అనుమానం ఉంటే ఈ రాత్రి 8 లోపు మీ షిఫ్ట్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేయండి.”

ఇలా రాస్తుంటే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న తన్నుకొస్తుంది. పొద్దుటి షిఫ్ట్ వాళ్లకు రేపటి కూలి ఉందా, లేదా? మొదటి మెసేజ్‌లో ఆ ప్రశ్నకు చోటే లేదు. “రీఅలైన్” అన్న మాట దాన్ని మింగేసింది. ఇప్పుడు రాస్తున్నవాళ్లు కలం పక్కన పెట్టి మేనేజర్‌కు ఫోన్ చేయాలి. ఆయన యజమానిని అడగాలి. ఎవరో ఒకరు ఇస్తామనో, ఇవ్వమనో, సగం ఇస్తామనో తేల్చాలి. సాదాగా రాయడం కష్టం అనేవాళ్లను నేను నమ్మను. రాయడంలో కష్టమేమీ లేదు. తేల్చడమే కష్టం, రాయబోతే అది బయటపడుతుంది.

మంచి హెచ్చరిక ఎలా ఉండాలో తెలుసుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. వరదల కాలంలో ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. అడుగుల్లో అయితే 11.75, 13.75, 17.75. లంకల్లో ఉన్నవాళ్లకు ఆ అంకెల వెనక ఏముందో తెలుసు. “రెండోది ఇచ్చేశారంట” అని వినపడగానే పశువుల్ని గట్టెక్కించే పని మొదలవుతుంది, కాజ్‌వే మునగకముందే ముసలివాళ్లను అవతలికి చేరుస్తారు. ఒకే చోటి కొలత, ఒకే అంకె, అందరికీ తెలిసిన పని. అదే స్థానంలో “ప్రవాహంలో గణనీయమైన పెరుగుదల నేపథ్యంలో తీరవాసులు తగు సన్నద్ధతతో ఉండగలరు” అని వచ్చిందనుకోండి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లను అడగండి, ఆ వాక్యానికి ఏం జవాబు చెబుతారో.

మీ ఆఫీసులో కూడా మాటిమాటికీ వచ్చే సందర్భాలకు ఇలాంటి మెట్లు కట్టుకోవచ్చు. “స్టాక్ క్రిటికల్” అనడం మానేసి, మేత ఎన్ని రోజులకు సరిపడా మిగిలితే మొదటి కబురు, ఎన్ని రోజులకు రెండోది, అప్పుడు ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఒకసారి రాసి పెట్టుకోండి.

4. మొదటి లైనులోనే విషయం

మన మాటకు కథ ఎక్కువ. అరుగు మీద అది అందమే, ఫోన్‌లో మాత్రం నోటిఫికేషన్‌లో కనపడేది మొదటి ఏడెనిమిది మాటలే. అవి “డియర్ ఆల్, హోప్ యు ఆర్ డూయింగ్ వెల్” అయితే ఆ చోటు వృథా. మెయిలు పైన “అప్‌డేట్” అని పెట్టకండి. “శనివారం కరెంటు ఉండదు, జనరేటర్‌కు డీజిల్ శుక్రవారమే కావాలి” అని పెట్టండి. లోపల చదవకపోయినా పని జరుగుతుంది.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2023లో సాదా భాషకు ఒక ప్రమాణం తెచ్చింది. సారాంశం ఇంతే: చదివేవాళ్లకు కావలసింది అందులో ఉండాలి, వెతికితే దొరకాలి, అర్థం కావాలి, దాంతో పని జరగాలి.

5. “చేయడం జరిగింది” కనపడితే ఆగండి

ఇంగ్లీషు పరిభాషను తిట్టేవాళ్లు తెలుగు సర్క్యులర్లను వదిలేస్తారు. “నిర్ణయించడం జరిగింది”, “తగు చర్యలు తీసుకోబడును”, “విషయం పరిశీలనలో ఉన్నది”. ఈ వాక్యాల్లోనూ మనిషి మాయం. ఎవరు నిర్ణయించారు? ఎవరి పరిశీలన?

“బోనస్ విషయం పరిశీలనలో ఉన్నది” అన్న నోటీసును ఇలా మార్చవచ్చు: “బోనస్ ఎంతో డైరెక్టర్లు 20న కూర్చుని తేలుస్తారు. 21న ఇదే బోర్డు మీద పెడతాం.” తేదీ చెప్పలేని పరిస్థితి అయితే అదే చెప్పండి: “ఇంకా తేలలేదు. తేలినా తేలకపోయినా నెలాఖరుకు మళ్లీ చెబుతాం.” జనం ఆలస్యాన్ని ఓర్చుకుంటారు. దాటవేతను గుర్తుపెట్టుకుంటారు.

ఈ గొడవ గోదావరి గట్టున పాతదే. 1919లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడిగా, గిడుగు రామమూర్తి కార్యదర్శిగా వాడుక భాష కోసం ఒక సమాజమే పెట్టారు. గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29ని ఏటా తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున వచ్చే సర్క్యులర్ ఎప్పుడైనా చదివారా? “పుష్పాంజలి ఘటించబడును. సిబ్బంది విధిగా హాజరు కావలెను.” ఆయన ఫొటో కిందే అంటిస్తారు.

6. లెక్క ఎదుటివాళ్ల కొలతలో చెప్పండి

2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. డెల్టా రైతు ఆలోచించేది 75 కిలోల బస్తాలో. “బస్తాకు 1,777 రూపాయలు దాకా” అని రాస్తే గట్టు మీదే అర్థమవుతుంది. క్వింటా లెక్క బిల్లులో ఎలాగూ ఉంటుంది. ఎకరాల్లో మాట్లాడే రైతుకు హెక్టార్లలో సబ్సిడీ చెప్పడం, రోజు కూలి లెక్క వేసుకునే మనిషికి ఏడాది ప్యాకేజీ చెప్పడం కూడా ఇలాంటివే.

బ్యాంకువాళ్ల విషయంలో ఇది మర్యాదతో ఆగదు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ అప్పులకు, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అది అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి, చదివి వివరించాలి, అర్థమైందని సంతకం తీసుకోవాలి. ఆ సంతకం ఎలా జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కనీసం మూడు అంకెలు నోటితో చెప్పండి: చేతికి ఎంత వస్తుంది, నెలకు ఎంత కట్టాలి, అంతా కలిపి చివరికి ఎంత కడతారు.

7. “ఆయ్” అన్నంత మాత్రాన అర్థమైనట్టు కాదు

డెల్టాలో పనిచేసే ప్రతి మేనేజరూ, ముఖ్యంగా బయటినుంచి వచ్చినవాళ్లు, ముందు నేర్చుకోవాల్సింది ఇది. “ఆయ్, అలాగేనండి” అన్నది మర్యాద. మీ మాట విన్నానని అర్థం. అర్థమైందని కాదు, ఒప్పుకున్నానని అసలే కాదు. “అర్థమైందా?” అని అడిగినా అదే జవాబు వస్తుంది. పెద్దాయన ముందు అర్థం కాలేదని అనడం మనవాళ్లకు మహా మొహమాటం.

చెరువు గట్టు మీద సాయంత్రం ఐదింటికి జరిగే ముచ్చట ఒకటి చూడండి.

“బాబాయ్, వాతావరణం బాలేదు. రాత్రి మేత విషయంలో కాస్త ప్రోయాక్టివ్‌గా ఉండు.”

“ఆయ్, అలాగేనండి.”

ప్రోయాక్టివ్ అంటే ముందుండి చేయడమని బాబాయ్ ఎక్కడో విన్నాడు. మేత ముందే వేసేస్తాడు, ఓ గుప్పెడు ఎక్కువే వేస్తాడు. మేనేజర్ ఉద్దేశం మేత తగ్గించమని. మబ్బు పట్టిన రోజు నీటిలో ఆక్సిజన్ తక్కువగా తయారవుతుంది, తెల్లవారుజామున ఇంకా పడిపోతుంది. మిగిలిన మేత కుళ్లితే ఉన్న కాస్త ఆక్సిజనూ అయిపోతుంది. తెల్లారి రొయ్యలు పైకి తేలాక తప్పు బాబాయ్ మీదే పడుతుంది.

ఇప్పుడు ఇలా చెప్పి చూడండి.

“బాబాయ్, మబ్బు పట్టింది కదా, రాత్రి మేత సగమే వెయ్యి. పన్నెండు దాటాక ఏరేటర్లన్నీ ఆన్‌లో ఉండాలి. మూడింటికి డీవో చూసి నాకు మెసేజ్ పెట్టు. నాలుగు కంటే తక్కువుంటే మెసేజ్ వద్దు, ఫోన్ చేసి లేపెయ్.”

“ఆయ్.”

“నేనేమన్నా వదిలేశానేమో, ఒకసారి నువ్వు చెప్పు బాబాయ్.”

“మేత సగవండి. పన్నెండు నుంచి ఏరేటర్లన్నీనండి. మూడింటికి డీవో, నాలుగు లోపుంటే మీకు ఫోను. కాపోతే డీజిలు చాలదండి. కరెంటు పోతే రెండు గంటలే వస్తాది.”

డీజిలు సంగతి ఎలా బయటికొచ్చిందో గమనించండి. తిరిగి చెప్పమంటే పని అతని కళ్లముందు ఆడింది, లోటు కనపడింది. డాక్టర్లు, నర్సులు రోగులకు మందులు చెప్పేటప్పుడు వాడే పద్ధతే ఇది. అడిగే తీరు ముఖ్యం. “ఏం చెప్పానో చెప్పు” అంటే బడిలో మాస్టారు అడిగినట్టుంటుంది. “నేను వదిలేశానేమో” అంటే భారం మీ మీద వేసుకున్నట్టు, ఎదుటివాళ్ల మర్యాద దక్కుతుంది.

సూటిగా చెబితే మొరటుగా ఉంటుందని కొందరి భయం. తెలుగులో ఆ భయం అక్కర్లేదు. “రేపు ఆరింటికి రండి” అన్నదాంట్లో గౌరవం క్రియలోనే ఉంది. దానికి “కైండ్లీ”, “రిక్వెస్టెడ్ టు” తగిలిస్తే కొత్తగా ఏం రాదు. బాబాయ్, పిన్నిగారు, మాస్టారు అని పిలిచే చోట ఆ పిలుపే సగం పని చేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆఫీసు నోటీసులో ఈ వరసలు వద్దు. ఎవరో ఒకరు బయట మిగిలిపోతారు.

8. పైవాళ్లే పొగ మాటలు మాట్లాడితే

కాకినాడలోనో, భీమవరంలోనో ఇంజనీరింగ్ చదివి ఉద్యోగంలో చేరిన పిల్లలకు మొదటి ఆరు నెలల టెన్షన్ ఇదే. కాల్‌లో అందరూ తలూపుతుంటారు, మనకొక్కరికే తెలియదేమో అనిపిస్తుంది. చాలాసార్లు తలూపేవాళ్లలో సగం మందికి తెలియదు.

“మీరన్నది అర్థం కాలేదు” అనాల్సిన పనిలేదు. మీకు అర్థమైంది రాసి పంపండి: “సార్, నాకు అర్థమైంది ఇది. లాగిన్ పేజీ లోపాలు రెండూ నేను గురువారానికి సరిచేయాలి. పేమెంట్ పేజీ నా పని కాదు. వేరేలా ఉంటే సాయంత్రం 5 లోపు చెప్పండి, లేకపోతే ఇలాగే మొదలెడతాను.” నోటితో పొగ వదిలినాయన రాతలో కనపడేసరికి జాగ్రత్తపడతారు. మీ దగ్గర రుజువు కూడా ఉంటుంది.

“ఓనర్‌షిప్ తీసుకో” అంటే “ఏ పని ఇక నుంచి మిమ్మల్ని అడగకుండా నేనే తేల్చొచ్చు సార్?” అని అడగండి. జవాబు రాకపోతే అది బాధ్యత ఇవ్వడం కాదు, తప్పు జరిగితే మీద వేయడానికి మనిషిని చూసుకోవడం. రివ్యూలో “కమ్యూనికేషన్ మెరుగుపడాలి” అని రాసినప్పుడు కూడా ఏ రోజు, ఏ మెసేజ్, ఎలా ఉండాల్సింది అని ఒక్క ఉదాహరణ అడగండి.

ప్రమాదం కనిపించినప్పుడు మాత్రం ఈ నాజూకు అంతా పక్కన పెట్టండి. 1990 జనవరి 25 రాత్రి న్యూయార్క్ దగ్గర కొలంబియా విమానం ఒకటి ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది పోయారు. ఇంధనం అయిపోతోందని కంట్రోలర్లకు సిబ్బంది చెప్పారు, ముందు దిగనివ్వమని కూడా అడిగారు. “ఎమర్జెన్సీ” అన్న మాట మాత్రం అనలేదు. ఆ ఒక్క మాట పడితే అవతల మిగతా పనులన్నీ ఆగేవి. ప్లాంట్‌లో అమ్మోనియా వాసన వస్తే “గ్యాస్ రిలేటెడ్ అబ్జర్వేషన్” అని రాస్తూ కూర్చోకండి. “అమ్మోనియా లీకైంది, అందరూ బయటికి రండి” అని అరవాలి.

9. చెడ్డ కబురు

పొగ మాటలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర కంగారు డెల్టా అంతా పాకింది. అలాంటప్పుడు రైతుకు “గ్లోబల్ హెడ్‌విండ్స్ వల్ల ప్రైసింగ్ రీవిజిట్ చేస్తున్నాం” అని పంపితే, అతను దాన్ని అక్షరం అక్షరం చదివి చివరికి దళారికి ఫోన్ చేస్తాడు. దళారి తనకు కావలసింది చెబుతాడు.

చెప్పాల్సిన వరస ఇది. ఏం మారింది, ఏ తేదీ నుంచి. ఏ కౌంట్‌కు ఎంత. ముందు మాట ఇచ్చిన పట్టుబడులకు పాత ధరా, కొత్తదా. డబ్బు ఎన్ని రోజులకు. ఎందుకు మారిందో ఒక్క వాక్యంలో, చివర్లో. కారణం ముందు పెడితే సాకులా వినిపిస్తుంది. తెలియనిది ఉంటే “వచ్చే వారం ధర ఇప్పుడు చెప్పలేం, సోమవారం పొద్దున చెబుతాం” అనండి, సోమవారం పొద్దున చెప్పండి. కొత్త ధర లేకపోయినా సరే.

ఉద్యోగం తీసేసేటప్పుడు “రైట్‌సైజింగ్” అనేవాళ్లకు నా దగ్గర సలహా లేదు. ఎదురుగా కూర్చుని చెప్పండి. చివరి రోజు ఏది, రావలసిన డబ్బు ఎంత, పీఎఫ్ కాగితాలు ఎవరి దగ్గర అన్నవి రాసిన కాగితం చేతిలో పెట్టండి.

10. మీటింగు

ఇక్కడ మన సొంత పొగ మాట ఒకటుంది: “చూద్దాం లెండి.” కుదరదని అర్థం, అందరికీ తెలుసు, అయినా మినిట్స్‌లో “పరిశీలిస్తామన్నారు” అని ఎక్కుతుంది. మీటింగు అయ్యేలోపు మూడు గడుల కాగితం నింపండి: పని, పేరు, తేదీ. పేరు గడిలో “టీమ్” అని రాయనివ్వకండి. మనిషి పేరే ఉండాలి. “చూద్దాం” అన్నవాటికి వేరే పట్టీ పెట్టి, వచ్చే మీటింగులో మొదట అదే చదవండి. రెండు మూడు వారాలకు ఆ పట్టీ దానంతటదే చిన్నదవుతుంది.

11. గోడ మీద బోర్డు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే, అది అమల్లో ఉన్నన్నాళ్లూ, నోటీసులు ఇంగ్లీషుతో పాటు కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ఉండాలని చెప్పేది. ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువున్న ప్లాంట్‌లో తెలుగొక్కటే సరిపోదు. ఒడియాలోనూ రాయించండి, రాసింది చదవడం వచ్చిన కార్మికుడికే ముందు చూపించండి. చదవలేనివాళ్లకు అదే నోటీసును సూపర్‌వైజర్ షిఫ్ట్ మొదట్లో గట్టిగా చదవాలి. వాయిస్ మెసేజ్ పెడితే నిమిషం దాటనివ్వకండి, తేదీ, టైము రెండుసార్లు చెప్పండి.

అక్షరం పెద్దదిగా, బోర్డు హాజరు పంచ్ మెషీన్ పక్కన కాకుండా మంచినీళ్ల దగ్గర పెట్టండి. పంచ్ కొట్టే చోట ఎవరూ నిలబడరు. ప్రతి నోటీసు కింద తీసేయాల్సిన తేదీ, తీసే మనిషి పేరు రాయండి. సంక్రాంతి సెలవుల నోటీసు వినాయక చవితి దాకా వేలాడే బోర్డును ఎవరూ చూడరు. అందులో రేపటి షిఫ్ట్ మార్పు అంటించినా చూడరు.